గొప్ప రాక్ గిటారిస్టు ఎవరు? మా కడప మేడ మీద మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు

కడపలో మా ఇంటి మేడ మీద ఆదివారం సాయంత్రాలు కొందరం కూర్చుంటాం. ఒక జత పాత స్పీకర్లు, రెండు గిటార్లు, వీధి చివరి బండి నుంచి తెచ్చుకున్న కారం దోసెలు. పాటలు వింటాం, ఆ తర్వాత వాదించుకుంటాం. కొత్తగా వచ్చేవాళ్ళు కాలేజీ పిల్లలైనా, రిటైరైన ఉద్యోగులైనా అవే అనుమానాలు అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు.

## వాదనలోకి దిగే ముందు

ఇంతకీ "గ్రేటెస్ట్" అంటే ఏందన్నా? బాగా వాయించేవాడా, బాగా పేరున్నవాడా?

సగం గొడవలు ఈ మాట దగ్గరే పుడతాయి. ఒకరు చేతి పనితనం గురించి మాట్లాడుతుంటారు, ఇంకొకరు పాటల గురించి, మూడో ఆయన ఇంటర్ చదివే రోజుల్లో అరిగిపోయేదాకా విన్న క్యాసెట్ గురించి. ముగ్గురి నోటా ఒకే పదం కాబట్టి ఒకే సంగతి మాట్లాడుకుంటున్నామని అనుకుంటారు. నేను పెట్టుకున్న కొలత ఇది: ఆ మనిషి వచ్చాక మిగతా గిటారిస్టులు అంతకు ముందులాగే వాయించుకుంటూ పోగలిగారా, లేక చేతివాటం మార్చుకోవాల్సి వచ్చిందా? మార్చుకోవాల్సి వస్తే అతను గొప్పవాడు. మీ కొలత వేరే ఉండొచ్చు. పేరు చెప్పే ముందు కొలత చెప్పండి.

నాకు గిటార్ పట్టుకోవడం కూడా రాదు. వాదించొచ్చా?

తప్పకుండా. కచేరీలో ముందు వరుసలో కూర్చుని సరైన చోట "ఆహా" అనే పెద్దాయనకు పాడటం రావాలని ఎవరూ అడగరు. మా మేడ మీద అందరికంటే పదునుగా వినేది ఒక కుట్టుమిషన్ టైలర్ గారు. స్వరాల పేర్లు ఆయనకు తెలియవు. కానీ "ఇక్కడ ఈయన ఊపిరి పీల్చుకున్నాడు" అని రెండు వాక్యాల మధ్య ఖాళీని వేలితో చూపిస్తాడు. అది చాలు. ఒకటే షరతు: వినని వాళ్ళ గురించి మాట్లాడకూడదు.

బ్లూస్ వాళ్ళను, జాజ్ వాళ్ళను రాక్‌లో కలుపుకోవచ్చా?

అమెరికా నల్లజాతివాళ్ళ పాటల్లోంచి పుట్టిన బ్లూస్‌ను కలుపుకోవాల్సిందే. వేరు తీసేస్తే చెట్టు నిలబడదు. బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ తీగను వణికించిన తీరు లేకుండా 1960ల లండన్ కుర్రాళ్ళు ఎవరూ లేరు. జాజ్ దగ్గర మాత్రం మేం గీత గీసుకున్నాం, లేకపోతే రాత్రి పన్నెండైనా తెమలదు.

పత్రికలు జాబితాలు ఇచ్చాయి కదా, మళ్ళీ మనం తేల్చేదేముంది?

జాబితాలే ఒకదానితో ఒకటి ఒప్పుకోవు. అమెరికా పత్రిక రోలింగ్ స్టోన్ 2011లో ఇచ్చిన వందమంది గిటారిస్టుల్లో జిమీ హెండ్రిక్స్ మొదటివాడు, ఎరిక్ క్లాప్టన్ రెండు, జిమ్మీ పేజ్ మూడు. అదే పత్రిక 2023లో జాబితాను 250 మందికి పెంచింది. మొదటి స్థానం హెండ్రిక్స్‌దే, రెండోది చక్ బెర్రీకి వెళ్ళింది, క్లాప్టన్ మొదటి పదిలోనే లేడు. ఆ పన్నెండేళ్ళలో పాత రికార్డుల్లో ఒక్క స్వరమూ మారలేదు. వినేవాళ్ళు మారారు, వాళ్ళకు కావలసింది మారింది. అందుకే జాబితాను తీర్పులా కాకుండా వాదనలో ఒక సాక్ష్యంలా వాడండి.

ఇదంతా ఉత్త అరుపులేరా అంటాడు మా నాయన. ఏం చెప్పాలి?

ఏమీ చెప్పొద్దు, వినిపించండి. అదీ పెద్ద సౌండుతో మొదలుపెట్టొద్దు. హెండ్రిక్స్ 1967లో చేసిన "లిటిల్ వింగ్" పెట్టండి. రెండున్నర నిమిషాలైనా ఉండదు. మొదట్లో గొంతు లేకుండా గిటార్ ఒక్కటే నడుస్తుంది, పెళ్ళికి పిలవడానికి వచ్చిన బంధువు గడప దగ్గర నిలబడి నెమ్మదిగా మాట్లాడినట్టు. మా నాయన పేపర్ దించి విన్న మొదటి ఇంగ్లీషు పాట అదే.

## పేర్లు బయటికి వచ్చాక

ఎవరిని అడిగినా హెండ్రిక్స్ అనే అంటారేం? అలవాటా, నిజమా?

కొంత అలవాటు, చాలావరకు నిజం. 1942లో సియాటిల్‌లో పుట్టాడు. కొన్నాళ్ళు సైన్యంలో ఉన్నాడు, తర్వాత పెద్ద గాయకుల వెనక నిలబడి వాయించాడు. 1966 సెప్టెంబరులో లండన్ చేరాడు, 1970 సెప్టెంబరు 18న అక్కడే చనిపోయాడు. ప్రపంచానికి అతను తెలిసింది సరిగ్గా నాలుగేళ్ళు, బతికుండగా విడుదలైన స్టూడియో ఆల్బమ్‌లు మూడే. లండన్‌లో దిగిన వారంలోనే క్లాప్టన్ బృందం క్రీమ్ వేదిక ఎక్కి వాళ్ళతో కలిసి వాయించాడు. ఆ వాయింపు మధ్యలోనే క్లాప్టన్ చేతులు దించేసి పక్కకు వెళ్ళిపోయాడు. అప్పటికి లండన్‌లో అందరికంటే పెద్ద పేరు క్లాప్టన్‌దే.

హెండ్రిక్స్ ఏం చేశాడో అర్థం కావాలంటే పెళ్ళి పందిట్లో మైకును గుర్తు తెచ్చుకోండి. మైకు స్పీకరుకు ఎదురుగా వస్తే కుయ్యిమని కూత వస్తుంది, మైక్‌సెట్ అబ్బాయి పరుగెత్తుకొచ్చి సౌండు తగ్గిస్తాడు. స్పీకర్ శబ్దం తిరిగి మైకులోకి పోయి గుండ్రంగా తిరగడం వల్ల వచ్చే కూత అది. ఎలక్ట్రిక్ గిటార్‌లోనూ అంతే, స్పీకరు హోరుకు తీగ తనంతట తానే కదులుతూ ఉంటుంది. దాన్ని వాడుకున్నవాళ్ళు అంతకు ముందూ ఉన్నారు. ఆ కూతను పట్టి ఉంచి, వంచి, పాడించినవాడు మాత్రం హెండ్రిక్స్. 1969 ఆగస్టు 18, సోమవారం పొద్దున, అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో జనం చాలామంది వెళ్ళిపోయాక అమెరికా జాతీయ గీతాన్ని ఇలాగే వాయించాడు. వియత్నాం యుద్ధం నడుస్తున్న కాలం. పాట మధ్యలో విమానాలు దూకుతున్నట్టు, బాంబులు పడుతున్నట్టు ఉంటుంది. ఒక్క మాట లేదు, అంతా ఆరు తీగలే. ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

గిటార్‌ను తలకిందులుగా పట్టుకునేవాడట, నిజమేనా?

నిజమే. ఎడమచేతి వాటం మనిషి. కుడిచేతివాళ్ళ కోసం చేసిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్‌ను తిప్పి పట్టుకుని, తీగలు మాత్రం తనకు అనువైన వరుసలో మళ్ళీ కట్టుకునేవాడు.

క్లాప్టన్‌ను దేవుడన్నారు కదా, అంత కిందికి ఎందుకు జారాడు?

1960ల మధ్యలో లండన్ గోడల మీద "క్లాప్టన్ దేవుడు" అని రాసిన మాట నిజం. ఆ రోజుల్లో బ్లూస్‌ను అంత నిండుగా, అంత ఘాటైన సౌండుతో వాయించిన ఇంగ్లండ్ కుర్రాడు ఇంకొకడు లేడు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ సౌండు తీసుకుని ఇంకా దూరం పోయారు, ఆయన నిమ్మళంగా పాటల వైపు మళ్ళాడు. 1966-68 క్రీమ్ రోజుల రికార్డులు వినకుండా ఆయన్ను తీసిపారేయడం అన్యాయం.

జిమ్మీ పేజ్, జెఫ్ బెక్... ఇద్దరిలో ఎవరు?

క్లాప్టన్, బెక్, పేజ్ ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు యార్డ్‌బర్డ్స్ అనే ఒకే బృందంలో వాయించారు. ఒక ఊరి బడి నుంచి ముగ్గురు కలెక్టర్లు వచ్చినట్టు. పేజ్ 1968లో లెడ్ జెపెలిన్ అనే బృందం పెట్టాడు. ఆయన బలం కట్టడంలో ఉంది: ఏ గిటార్ ఎక్కడ రావాలి, ఎక్కడ ఆగాలి, పాట ఎలా మెట్టు మెట్టుగా ఎక్కాలి. బెక్ బలం వేళ్ళలో. 1980ల నుంచి ప్లెక్ట్రమ్ (తీగలు మీటే చిన్న బిళ్ళ) వదిలేసి బొటనవేలితో మీటాడు. చిటికెన వేలు గిటార్ మీది ఊగే కడ్డీ దగ్గరే ఉండేది, దాన్ని కదిపి స్వరాన్ని మనిషి గొంతులా జార్చేవాడు. మేస్త్రీ కావాలంటే పేజ్, గాయకుడు కావాలంటే బెక్. నా ఓటు బెక్‌కు. 2023 జనవరి 10న ఆయన పోయిన వార్త విని ఆ రాత్రి మేడ మీద ఎవరమూ వాదించుకోలేదు, వింటూ కూర్చున్నాం.

ఎడ్డీ వాన్ హేలెన్ కంటే ముందే ట్యాపింగ్ ఉంది కదా, అతని గొప్పేంటి?

ఉంది. జెనెసిస్ బృందంలో స్టీవ్ హ్యాకెట్ 1970ల మొదట్లోనే చేశాడు. మామూలుగా ఎడమచేయి తీగను నొక్కుతుంది, కుడిచేయి మీటుతుంది. ట్యాపింగ్‌లో కుడిచేతి వేలు కూడా వెళ్ళి మెట్ల మీదే తీగను కొడుతుంది, రెండు చేతులూ ఒకే చోట పనిచేస్తాయి. దీన్ని ఒక పూర్తి భాషగా మార్చింది ఎడ్డీ. 1978లో వచ్చిన "ఇరప్షన్" నిడివి 1 నిమిషం 42 సెకన్లు. ఆ తర్వాత పదేళ్ళు ప్రపంచంలో గిటార్ నేర్చుకునే ప్రతి కుర్రాడూ దాని వెనకే పరుగెత్తాడు. 1982లో మైకేల్ జాక్సన్ "బీట్ ఇట్"లో సోలో, అంటే పాట మధ్యలో గిటార్ ఒక్కటే ముందుకొచ్చే భాగం, కూడా ఆయనదే, దానికి డబ్బు తీసుకోలేదు.

వేళ్ళు తెగిపోయినా వాయించినాయన ఎవరు? కథేనా?

కథ కాదు. టోనీ అయోమీ, బర్మింగ్‌హామ్ మనిషి, 1948లో పుట్టాడు. పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో, అదీ పని మానేసే చివరి రోజున, మిషన్ కింద కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ చేతితోనే. ఇక అయిపోయిందనుకుని దిగాలుగా ఉంటే, ఫ్యాక్టరీలో పైఅధికారి జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. జాంగో కూడా అగ్నిప్రమాదంలో రెండు వేళ్ళు పనిచేయకుండా పోయాక గొప్పవాడైన గిటారిస్టు. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అంటించాడు. గట్టి తీగలు నొప్పెడుతుంటే సన్నవి కట్టాడు, కొన్నేళ్ళ తర్వాత శృతి దించి తీగల బిగువు తగ్గించాడు. శృతి దిగేసరికి సౌండు ఇంకా బరువెక్కింది. అంతకు ముందే, 1970లో, ఆయన బృందం బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ వచ్చింది, హెవీ మెటల్ అనే బరువైన రాక్ అంతా అక్కణ్ణుంచి పారింది.

ఇది ఎందుకింత సాగదీసి రాస్తున్నానంటే, ఎర్రగుంట్ల వైపు ఒక బండల పాలిష్ యూనిట్‌లో పనిచేసే అబ్బాయి ఒకసారి మేడ మీదికి వచ్చాడు. ఎడమచేతి ఉంగరపు వేలు మొదటి కణుపు దాకా లేదు, ఆ చేతిని జేబులోనే ఉంచుకున్నాడు. అయోమీ సంగతి విన్నాక చేయి బయటికి తీసి "నాకూ వస్తుందా అన్నా" అన్నాడు. బ్యాంకుల్లో నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేసుకునే రబ్బరు తొడుగుతో మొదలుపెట్టాం. అది తీగ మీద అతుక్కుపోయి కదిలేది కాదు. పాత చెప్పు తోలు ముక్కను పైన అంటించాం, అప్పుడు జారింది. ఆరు నెలలకు బ్లాక్ సబ్బాత్ మొదటి పాటలో ఆ మూడు స్వరాలు వాయించాడు: కింది షడ్జం, పై షడ్జం, మధ్యలోకి దిగి ప్రతిమధ్యమం. తోలు తీగకు రాసుకునే చిన్న గర్‌మన్న చప్పుడుతో సహా. ఎవరు గొప్ప అని నన్నడిగితే ఆ చప్పుడు గుర్తొస్తుంది.

బ్రయాన్ మే సైంటిస్టా, గిటారిస్టా?

రెండూ. 1963లో తండ్రితో కలిసి ఇంట్లోనే గిటార్ తయారుచేయడం మొదలుపెట్టాడు. పాత చలిమంట గూటి చెక్కతో మెడ, మోటార్‌సైకిల్ స్ప్రింగులు. క్వీన్ బృందం పాటల్లో వినపడేది ముఖ్యంగా ఆ గిటారే. ప్లెక్ట్రమ్ బదులు ఆరు పెన్నీల నాణెంతో మీటుతాడు. సంగీతం కోసం ఆపేసిన ఖగోళ భౌతికశాస్త్రం పీహెచ్‌డీని ముప్పై ఏళ్ళకు పైగా గడిచాక 2007లో పూర్తిచేశాడు.

ఆడవాళ్ళ పేరు ఒక్కటీ వినపడదేం?

చెప్పేవాళ్ళ తప్పు. సిస్టర్ రోజెటా థార్ప్ 1915లో పుట్టింది. చర్చి పాటలను ఎలక్ట్రిక్ గిటార్ మీద రాక్ అండ్ రోల్‌కు ఆ పేరు రాకముందే ఆ ఊపుతో వాయించింది. 1964లో మాంచెస్టర్‌లో మూతపడిన రైల్వే స్టేషన్‌లో టీవీ కోసం కచేరీ చేసింది. ఒక ప్లాట్‌ఫారం మీద జనం, ఎదురు ప్లాట్‌ఫారం మీద ఆమె, వాన. పైకోటు వేసుకుని, గిటార్ తగిలించుకుని నిలబడి వాయిస్తుంది. మన కడప స్టేషన్లో అలా ఎవరైనా నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆమెను తీసుకున్నది 2018లో, చనిపోయిన 45 ఏళ్ళకు. జోనీ మిచెల్‌కు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమచేయి బలహీనపడింది. తన చేతికి తగ్గట్టు తీగల శృతులే మార్చేసుకుంది, ఆ శృతుల్లోంచి ఎవరూ వినని మేళనాలు (కొన్ని స్వరాలు ఒకేసారి కలిసి పలికేవి) వచ్చాయి. తీగల మీద గొట్టం జార్చి వాయించే స్లైడ్ గిటార్‌లో బానీ రైట్‌ను వినకుండా మాట్లాడొద్దు.

మనవాళ్ళు ఎవరైనా ఈ వరుసలో నిలబడతారా?

రాక్ అనే గీత లోపల అంటే కష్టం, ఎలక్ట్రిక్ తీగ మీద అంటే మాత్రం నిలబడతారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం మొత్తాన్ని నిలబెట్టాడు. గమకం పలకదని పెద్దలన్న వాద్యం మీద గమకం పలికించాడు. జాన్ మెక్‌లాఫ్లిన్ అంతటి గిటారిస్టు ఆయన పక్కన కూర్చుని వాయించాడు. 2014లో 45 ఏళ్ళకే పోయాడు. గిటార్ మీదే కర్ణాటక సంగీతం వాయించే ప్రసన్న, హెండ్రిక్స్‌కు నివాళిగా ఒక ఆల్బమ్ చేశాడు. నేను పెట్టుకున్న కొలతతో చూస్తే శ్రీనివాస్ ఎవరికీ తీసిపోడు.

## గొంతులు పెరిగాక

వేగంగా వాయించేవాడే గొప్పోడు కదా? అందరివల్లా కాదుగా!

వేగం కష్టమే, కాదనను. ఇంగ్వే మామ్‌స్టీన్ వేళ్ళు చూస్తే నోరు తెరుచుకుని ఉండిపోతాం. కానీ తీగను పక్కకు నెట్టి స్వరాన్ని పైకి తీసుకెళ్ళడం, దాన్నే బెండ్ అంటారు, ఒకసారి దగ్గరి నుంచి చూడండి. వీణ మీద తీగ లాగినట్టే. వేలు తీగను నెడుతుంది, గోరు కింద చర్మం తెల్లబడుతుంది, స్వరం పాకుతూ పైకి పోతుంది. ఎక్కడ ఆగాలో చెప్పడానికి మెట్టు ఉండదు, చెవి ఒక్కటే ఆధారం. వెంట్రుకవాసి తక్కువైతే అపశృతి. పింక్ ఫ్లాయిడ్ బృందం 1979 ఆల్బమ్ "ది వాల్"లో డేవిడ్ గిల్మర్ "కంఫర్టబ్లీ నంబ్" రెండో సోలో వినండి. పరుగు తక్కువ, బెండ్లు ఎక్కువ. ఒక్కో స్వరం సరిగ్గా చేరాల్సిన చోటికి చేరి, అక్కడ కాసేపు వణికి దిగుతుంది. పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీ గాయకుడు ఒకే మాటను పట్టుకుని పది రకాలుగా పైకి తీసుకెళ్తుంటే జనం లేచి నిలబడతారు కదా, వేగానికి కాదు ఆ లేవడం.

సోలోలు వాయించనివాళ్ళను గిటారిస్టులే కాదన్నట్టు మాట్లాడతారేం?

డోలు లేకుండా నాదస్వరం ఊరేగింపు నడిపించి చూడండి. రోలింగ్ స్టోన్స్ బృందంలో కీత్ రిచర్డ్స్ ఆరో తీగ తీసేసి, అయిదు తీగలను మీటగానే పూర్తి మేళనం పలికేలా శృతి చేసుకున్నాడు. ఆయన ఉంచే ఖాళీల వల్లే ఆ పాటలకు కాలు కదులుతుంది. ఏసీ/డీసీ బృందంలో మాల్కమ్ యంగ్ జీవితమంతా తమ్ముడి సోలోల వెనక గోడలా నిలబడ్డాడు.

చనిపోయినవాళ్ళకే పెద్దపీట వేస్తారు, అవునా?

కొంతవరకు అవును. హెండ్రిక్స్ 27 ఏళ్ళకు, డ్యువేన్ ఆల్‌మన్ 24కు, రాండీ రోడ్స్ 25కు పోయారు. ముసలితనంలో చేసే నీరసమైన ఆల్బమ్‌లు వాళ్ళకు లేవు. అందుకే బతికున్నవాళ్ళను కూడా వాళ్ళ మంచి పదేళ్ళతో కొలవండి, లెక్క సరిపోతుంది.

ఖరీదైన గిటార్ ఉంటే ఎవరికైనా ఆ సౌండు రాదా?

రాదు. గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్ 2019 వేలంలో 39.75 లక్షల డాలర్లకు పోయింది, ఆ డబ్బును ఆయన పర్యావరణం కోసం పనిచేసే సంస్థకు ఇచ్చేశాడు. కొన్నవాళ్ళకు గిటార్ వచ్చింది, గిల్మర్ చేతులు రాలేదు. ఎడ్డీ తన ప్రసిద్ధ గిటార్‌ను చవకరకం చెక్క, మెడ కొని తనే బిగించుకున్నాడు.

మాటా మాటా పెరిగి నా ఫ్రెండ్ మాట్లాడటం మానేశాడు. ఏం చేయాలి?

అతని గిటారిస్టు పాట ఒకటి మీరే అడిగి పెట్టించుకుని, చివరిదాకా మాట్లాడకుండా వినండి.

## ఇంట్లో వినేటప్పుడు

ఫోన్ స్పీకర్లో వింటే చాలదా?

చాలదు. ఫోన్లో కింది స్వరాలు పలకవు, అయోమీ బరువంతా అక్కడే పోతుంది. ఖరీదైనవి అక్కర్లేదు, మామూలు వైరు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. హెండ్రిక్స్ రికార్డుల్లో గిటార్ ఎడమ చెవి నుంచి కుడి చెవికి తిరుగుతుంది, అది కూడా వాయింపులో భాగమే.

ఏ వరుసలో వినాలి?

కాలం వరుసలో. ముందు రోజెటా థార్ప్, తర్వాత 1958 నాటి చక్ బెర్రీ "జానీ బి. గూడ్". 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపిన బంగారు రికార్డులో ఉన్న పాట అది. ఆ పైన క్రీమ్, హెండ్రిక్స్, లెడ్ జెపెలిన్, బ్లాక్ సబ్బాత్, గిల్మర్, చివర వాన్ హేలెన్. రోజుకు ఒక్కరు చాలు, ఒక్కో పాట మూడుసార్లు: మొదట పాటగా, రెండోసారి గిటార్ ఒక్కటే, మూడోసారి గిటార్ ఆగిన చోట్లు.

సరే, మీ అయిదుగురు ఎవరన్నా? దాటవేయకుండా చెప్పు.

హెండ్రిక్స్, అయోమీ, బెక్, థార్ప్, గిల్మర్. ఈ వరుసలోనే. ఎడ్డీని ఆరో స్థానంలో పెట్టినందుకు మా టైలర్ గారు ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం 1978 ఆల్బమ్ మొత్తం పెట్టిస్తానని చెప్పి వెళ్ళారు.